కాలివేళ్ళు చెప్పిన మాట

బల్ల మీద బోర్లా పడుకుని, ముఖం కోసం చేసిన కంతలోంచి నేలను చూస్తున్నాను. ఫిజియో మేడమ్ తెల్ల చెప్పులు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆవిడ చేతులు ఎప్పుడు నడుము మీద పడతాయో తెలియదు. బయట బెంచీ మీద మా అత్తయ్య ఒళ్ళో నా తొమ్మిది నెలల పాప కూనిరాగం తీస్తోంది.

పది రోజుల క్రితం పాపకు స్నానం చేయించి ఎత్తుకొస్తుంటే, గుమ్మం దగ్గర నడుము పట్టేసి చేతులు వదిలేశాయి. కింద విడిచిన బట్టల మూట ఉండబట్టి సరిపోయింది. పాప ఏడవను కూడా లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక పాపను నా చేతికివ్వరు.

"నొప్పి పదికి ఎంతుంటుందమ్మా?"

"రెండండీ."

ఆవిడ అరచేయి నడుముకు ఎడమ పక్కన ఆనించి మెల్లగా నొక్కింది. వెన్ను విరిగి కాళ్ళు పడిపోతాయేమోనని ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పళ్ళు బిగబట్టాను.

"ఇప్పుడు?"

"బానే ఉందండీ."

"నోరు బానే ఉందంటోంది. కాలివేళ్ళేమో ముడుచుకుపోతున్నాయి. ఎవర్ని నమ్మమంటావు?" అంటూ చెయ్యి తీసేసింది. "నువ్వు చెప్పే అంకె చూసుకునే నేను నొక్కేది. అది తప్పయితే నా చెయ్యీ తప్పుతుంది."

ఇంకా భయమేసింది. నేలతో చెప్పినట్టు చెప్పాను. "ఎనిమిది. పాపను జారవిడిచానండీ. అత్తయ్యకు చెప్పకండి."

చెప్పులు బల్లకు దగ్గరగా జరిగాయి. "నేను చెప్పను. నువ్వే చెప్పు. పాపను ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించు. నీకు కాళ్ళు తిమ్మిరెక్కడం, యూరిన్‌కి ఇబ్బందీ ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ."

"అయితే ఊపిరి వదులు. ఏడు దాటితే ఆపమను."

ఈసారి ఆపమన్నప్పుడల్లా ఆపింది. కాసేపటికి బిగుసుకున్న చోట కాస్త వదులైంది. లేచి కూర్చున్నాక, మోకాళ్ళు వంచి, బరువును గుండెకు ఆనించి ఎత్తడం ఇసుక సంచితో నేర్పించింది. తర్వాత అత్తయ్యను లోపలికి పిలిచింది.

పాప చేతులు చాపింది. నా చేతులు లేవలేదు.

"అత్తయ్యా, మొన్న పాపను..."

"తెలుసులే, ఆ రోజు చూశాను. ఆ మూట అప్పట్నుంచీ గుమ్మం దగ్గరే ఎందుకుంటోందనుకున్నావ్? ఉతకడానికి నాకు బద్ధకమనా?"

అంటూనే పాపను బల్ల మీద కూర్చోబెట్టి, జారితే అందుకునేలా కింద తన రెండు చేతులూ పట్టింది.

మోకాళ్ళు వంచాను. కాలివేళ్ళు ముడుచుకున్నాయి.

"ఐదు," అని పైకే చెప్పి, పాపను ఎత్తుకున్నాను.