విడదీయవద్దన్న రెండు మెషీన్లు

ఆపరేషన్ టేబుల్ మీద మనిషి సిద్ధంగా ఉన్నాడు. డాక్టరుకు కావలసిన పాత స్కాన్లు మాత్రం నత్తనడక నడుస్తున్నాయి.

"బాబాయ్, పన్నెండు దాటితే వాయిదా వేస్తారట. మీ సర్వర్లకి కాస్త టీ పట్టించండి!" ఫోన్లో స్కాన్ల విభాగం అమ్మాయి తొందరపెట్టింది.

"వాటికి ఆ అలవాటు లేదమ్మా. పది నిమిషాలు ఓపిక పట్టు" అన్నాడు ఆసుపత్రి నెట్‌వర్క్ చూసే పెద్దాయన.

గదిలో ఆయనొక్కడే. పదేళ్లు కలిసి పనిచేసిన మిత్రుడు కిందటి నెలే వేరే ఆసుపత్రికి మారాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు 'బావా' అనుకునేవారు. ఆయన భార్య పోయి రెండేళ్లు. ఇప్పుడు ఇంట్లోనూ ఇక్కడా పలకరింపుకు మనిషి లేడు.

స్కాన్లు దాచేది సర్వరు లోపల నడిచే ఒక వర్చువల్ మెషీన్, డాక్టర్ల తెరకు అందించేది మరొకటి. నిన్నటిదాకా రెండూ ఒకే సర్వరులో ఉండేవి. నిన్న సాఫ్ట్‌వేర్ మార్చాక ఒకటి పక్క సర్వరులోకి చేరింది. ఆయన ఈ కొసనుంచి ఆ కొసకు చిన్న డేటా ప్యాకెట్ పంపాడు, చిటికెలో వెళ్లింది. పెద్దది పంపాడు, మధ్యలోనే పడిపోయింది. దారిలో ఏదో ఒక పోర్టు పెద్ద ప్యాకెట్లను రానివ్వడం లేదు.

వెతికితే దొరికింది. సర్వర్లను కలిపే కొత్త స్విచ్ బిగించినప్పుడు ఆ ఒక్క పోర్టుకే చిన్న ప్యాకెట్లకు సరిపడే పాత కొలత ఉండిపోయింది.

పోర్టు ముట్టుకోవాలంటే ఆఫీసరు అనుమతి కావాలి. ఫోన్ చేశాడు.

"ముందు సరిచెయ్యండి. ఎవరి పొరపాటో సాయంత్రంలోగా రాసివ్వండి" అన్నాడు ఆఫీసరు.

పన్నెండుకి పావుగంట ముందే స్కాన్లన్నీ చేరాయి. "మొదలెట్టేశారు బాబాయ్!" అని అమ్మాయి అరిచినంత పనిచేసింది.

ఎవరి పొరపాటు? తేదీ చూశాడు. భార్య పోయాక ఇంట్లో ఉండలేక పనికొచ్చిన మొదటి రోజది. స్విచ్ బిగించింది తనే.

మరి ఇన్నాళ్లూ బయటపడలేదేం? పాత సెట్టింగులు తెరిచాడు. స్విచ్ బిగించిన మర్నాడే ఎవరో పెట్టిన నియమం కనిపించింది; నిన్నటి మార్పులో అది ఎగిరిపోయింది. "ఈ రెండింటినీ ఒకే సర్వరులో ఉంచాలి. విడదీయవద్దు. కారణం నన్నడగండి." కింద బావ పేరు.

ఫోన్ చేశాడు. "నాకెందుకు చెప్పలేదు బావా?"

"పోర్టు సరిచేస్తే పొరపాటు నీదని ఆఫీసరుకు రాసివ్వాలి. ఆ వారం నీ మొహం చూశాక చెయ్యాడలేదు. తర్వాత చెబుదామనుకుని శుభ్రంగా మర్చిపోయా. ఇప్పుడు నామీదికి తోసెయ్, ఇక్కడికొచ్చి అడగరులే."

"లేదు. నాదే అని రాస్తున్నాను."

"రాయి. ఉంటా మరి, ఇక్కడెవరో పిలుస్తున్నారు."

"వెళ్లు. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు, బల్ల మీదుంచు."

అవతల కుర్చీ జరిగింది. ఎవరో నవ్వారు, బావ ఎవరినో కేకలేస్తున్నాడు. అది వింటూ ఆయన కాగితం ముందుకు లాక్కుని తన పేరు రాశాడు.