టాకీసులో వార్డు

బీపీ పట్టీ బిగిస్తూనే శ్రీలత పెదవులు కదుపుతోంది. రబ్బరు బుడ్డి నొక్కిన ప్రతిసారీ లోలోపల ఒక ఇంగ్లీషు మాట. చెవుల్లో గొట్టాలు పెట్టుకుని చప్పుడు వినేటప్పుడు మాత్రం ఆపింది. అంకె రాసి, పట్టీ విప్పి, ఆగినచోటి నుంచి మళ్ళీ అందుకుంది.

“ఎవలతోని మాట్లాడుతున్నవ్ సిస్టర్?” అన్నాడు చెయ్యి విరిగి పడుకున్న నర్సయ్య.

“నాతోనే తాతా. రేపు పరీక్షున్నది.”

“గింత పెద్దగైనంక పరీక్షేంది బిడ్డా?”

“పెద్దగైనంకనే అవసరం పడ్డది” అని నవ్వి, ఆయన చేతికట్టు సర్ది, పక్క మంచం దగ్గరికి నడిచింది.

శ్రీలతకు ముప్పై ఆరేళ్ళు. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మంచాల మీదికి వంగీ వంగీ భుజాలు కాస్త ముందుకు వాలాయి. మాటిమాటికీ కడగడంవల్ల వేళ్ళ కణుపుల దగ్గర చర్మం తెల్లగా పగిలి ఉంటుంది. నర్సింగు చదువు అయిన దగ్గర్నుంచీ కోరుట్లలోని ఈ ప్రైవేటు ఆసుపత్రిలోనే పని. పెళ్ళయింది, కూతురు పుట్టింది. భర్త నరేందర్ మరమగ్గాల పనికి సిరిసిల్ల వెళ్ళి అక్కడే గది తీసుకున్నాడు, సెలవు దొరికినప్పుడు వస్తాడు. ఆ మగ్గాల, సాంచాల మోతకు అతని చెవులు మొద్దుబారాయి. ఫోన్లో భార్య ఏం చెప్పినా “ఆ? ఏందీ?” అంటాడు. ఆమె అరిచి చెబుతుంది. భార్యాభర్తల మాటలు ఇరుగుపొరుగుకంతా వినిపిస్తాయి.

ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూ నెగ్గింది శ్రీలత. భర్తనూ బిడ్డనూ ఒక్క కప్పు కిందికి తెచ్చుకోవడానికి ఆమెకు కనిపించిన దారి అదొక్కటే. ఇంగ్లీషు పరీక్ష దగ్గరే పని ఆగిపోయింది. చదవడం, రాయడం, వినడం గట్టెక్కేవి. మాట్లాడే భాగంలో రెండుసార్లు తప్పింది. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

రెండోసారి చీటీ మీద ‘మీకు నచ్చిన ఒక భవనం గురించి చెప్పండి’ అని వచ్చింది. చార్మినార్ గురించి బట్టీ పట్టిన జవాబు ఎక్కడా ఆగకుండా అప్పజెప్పింది. అంతా విని ఎగ్జామినరు, “మీరక్కడికి ఈమధ్య ఎప్పుడు వెళ్ళారు?” అని అడిగాడు. శ్రీలత చార్మినార్‌ను బస్సు కిటికీలోంచి కూడా చూసి ఎరగదు. అబద్ధం ఆడటానికి సరిపడా ఇంగ్లీషు కూడా ఆమె దగ్గర లేదు.

“ఈసారి గూడ బిల్డింగుల మీదనే ఎక్కువ అడుగుతున్నరంట. గట్టిగ చూస్కోండ్రి” అన్నాడు జగిత్యాలలో ఆదివారాలు కోచింగు చెప్పే విజయ్ సారు. పెద్ద పెద్ద మాటలు కొన్ని రాయించాడు. మాగ్నిఫిసెంట్, స్పెక్టాక్యులర్. మందుల బండి తోస్తూ శ్రీలత వాటినే నములుతోంది.

ఆ బండిని చూసుకుంటూ తోయాలి. వదిలేస్తే దానంతటదే కిందికి నడిచిపోతుంది. ఆసుపత్రి ఒకప్పుడు సినిమా టాకీసు. డాక్టరు కొన్నాక నేలను చదును చేయించాడు గానీ వాలు పూర్తిగా పోలేదు. మంచాలకు ఒకవైపు కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టారు. తెర ఉన్నచోట ఇప్పుడు ఆపరేషన్ థియేటరు. ఎట్లయినా అది థియేటరే అని ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. పైన బాల్కనీ ఉన్నచోట స్పెషల్ రూములు కట్టారు. లిఫ్టు లేదు.

లిఫ్టు లేకపోబట్టే నర్మద కింద జనరల్ వార్డులో ఉంది. గొల్లపల్లి దగ్గరి ఒక పాత దొరల ఇంటి కోడలు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక మెట్లెక్కించడం కుదరక, కొడుకు సురేందర్ ఒక మూల మంచం చుట్టూ పరదా కట్టించాడు. నర్మదది తెల్లని శరీరం, చిన్న ముఖం, పొడవాటి ముక్కు. మొదటి రెండు రోజులు ఎవరితోనూ పలకలేదు. మూడోరోజు శ్రీలత గొణుక్కుంటూ పరదా పక్క నుంచి వెళ్తుంటే లోపల్నుంచి స్పష్టమైన ఇంగ్లీషులో ఒక గొంతు ఆమె తప్పు దిద్దింది. శ్రీలత బండి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పెళ్ళికి ముందు నర్మద హైదరాబాదులో కాన్వెంటు చదువు చదివిందని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి కట్టు మార్చేటప్పుడూ, పక్క దులిపేటప్పుడూ పాఠం నడుస్తోంది.

ఈరోజు కూడా పరదా తోసుకుని లోపలికి వెళ్ళగానే నర్మద, “ఊఁ, చెప్పు” అంది.

శ్రీలత ఆమెను పక్కకు ఒత్తిగిల్లజేసి వీపుకు పౌడరు రాస్తూ చార్మినార్ మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలయ్యాయో లేదో నర్మద చెయ్యెత్తింది.

“ఆపు. పత్రిక చదివినట్టున్నది. నువ్వు చూసిన బిల్డింగు ఒక్కటి గూడ లేదా?”

“మాకేం బిల్డింగులుంటయమ్మా? బుగ్గారంల ఒక్క అర్ర ఇల్లు. నా చిన్నప్పుడే అది ఇడిసి ఈడికొచ్చినం, కిరాయి ఇల్లు.”

“పని జేసెటిది బిల్డింగు గాదా?”

శ్రీలత చెయ్యి ఆగింది. తర్వాత మెల్లగా రాస్తూ చెప్పసాగింది. “గిది టాకీసున్నప్పుడు మా అవ్వ ఈడ పనిజేసిందమ్మా. రెండో ఆట ఇడిసినంక ఊడ్చేది. నన్ను ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టలేక ఎంబడి తెస్తుండె. ముందటి బెంచి మీద పండుకుంటుంటి. పల్లీల పొట్టు, బీడీ ముక్కలు కుప్ప జేస్తుంటే ఆ చప్పుడుకు నిద్రవట్టేది.”

“నేనచ్చిన గీ టాకీసుకు” అంది నర్మద గోడవైపు తిరిగే. “కారుల అచ్చేటోళ్ళం. బాల్కనీల ముందటి వరుస మాకు ఇడిసిపెట్టేటోళ్ళు.” తల కొంచెం తిప్పి అడిగింది. “బాల్కనీ గూడ మీ అవ్వనే ఊడ్చిందా?”

“అవునమ్మా. మీరు లేసిపోయినంక.”

పైన ఫ్యాను తిరుగుతోంది. శ్రీలత ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ మధ్య దిండు సర్దింది. నర్మద కళ్ళు కప్పు వైపు, ఒకప్పుడు బాల్కనీ ఉన్న వైపు, చూస్తున్నాయి.

“గిదే చెప్పు. ఇంగ్లీషుల చెప్పు” అంది.

శ్రీలత గొంతు సవరించుకుంది. “దిస్ హాస్పిటల్ వాజ్ ఎ సినిమా హాల్. మై మదర్ స్వెప్ట్ దిస్ హాల్...”

“స్వెప్ట్ అంటె ఒక్కనాడు ఊడ్చినట్టు. ఊడుస్తుండె అంటవ్ గద మన మాటల? దానికి యూజ్డ్ టు. మై మదర్ యూజ్డ్ టు స్వీప్.”

“మై మదర్ యూజ్డ్ టు స్వీప్ దిస్ హాల్.”

“మల్లొక్కసారి.”

శ్రీలత మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పినప్పుడు ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఎన్నడూ ఎవరితోనూ చెప్పుకోని సంగతి. నర్సింగు కాలేజీలో అమ్మ ఏం చేస్తుందని అడిగితే ఇంట్లోనే ఉంటుందని చెప్పిన మనిషి ఆమె.

“ఏడువకు. ఏడిస్తె ఉచ్చారణ పోతది” అంది నర్మద. శ్రీలతకు నవ్వొచ్చింది. నర్మద మాత్రం నవ్వలేదు. “నేను గూడ మస్తు మాట్లాడుతుంటి. పెండ్లైనంక ఎవలున్నరు మాట్లాడెతందుకు? టీచరుగ పోతనంటె మా ఇంటాయన, దొరల కోడండ్లు పంతులమ్మలైతరా అన్నడు. అంతే. ఐ యూజ్డ్ టు.” ఆ చివరి మాటలను గాలిలో పెట్టి చూసుకుంటున్నట్టు మళ్ళీ పెదవులు కదిపింది. “పో, డాక్టరస్తడు. తిన్నంక మల్లా రా.”

మధ్యాహ్నం శ్రీలత తల్లి ఎల్లవ్వ ఫోన్ చేసింది. మనవరాలు బడి నుంచి వచ్చాక తాను చూసుకుంటానని, బస్సుకు నిదానంగా పొమ్మని చెప్పడానికి. బట్టల సంచి అప్పటికే నర్సుల గదిలో ఉంది. సాయంత్రం హైదరాబాదు బస్సు. డ్యూటీ అయిపోయినా శ్రీలత వెళ్ళిపోకుండా పరదా తోసుకుని లోపలికి వచ్చింది.

నర్మద ముఖం కాస్త వాడి ఉంది. “ఆయాసమొస్తుందా అమ్మా?” అని శ్రీలత నాడి పట్టుకుని చూసింది. “ఏం లేదు. అన్నం తిన్న బరువు. నువ్వు చెప్పు. పాత బిల్డింగులు కూలగొట్టాల్నా, ఉంచాల్నా? గట్ల గూడ అడుగుతరు” అంది నర్మద. నాడి కొంచెం వేగంగా ఉంది. డాక్టరుకు చెప్పి రమ్మని శ్రీలత ఆయాను పంపింది. ఆక్సిజన్ గొట్టం విప్పి గోడ దగ్గర బిగిస్తూ, ఆమెను మాటల్లో ఉంచాలని ఇంగ్లీషులో జవాబు చెప్పసాగింది. ఉంచాలి అంది. గోడలు ఉంటే వాటిలో కొత్త పని చేసుకోవచ్చు అంది. సినిమా చూసినచోట మనుషులు బతుకుతున్నారు అంది. ఒక్క పెద్దమాట లేదు. ఎక్కడా తడుముకోలేదు. వెనక నుంచి దిద్దుబాటు ఒక్కటీ రాలేదు. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదనుకుంటూ మాస్కు పట్టుకుని తిరిగింది.

నర్మద కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

శ్రీలత గట్టిగా కేకవేసి, మంచం ఎక్కి, రెండు చేతులూ ఆ ఛాతీ మీద పెట్టి నొక్కసాగింది. డాక్టరు వచ్చాడు, సూదిమందులు ఎక్కించాడు. చాలాసేపటి తర్వాత ఆయనే ఆమె భుజం మీద తట్టి ఆపించాడు. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు పోయి ఉంటుందని, ఇట్లాంటి ఆపరేషన్ల తర్వాత ఒక్కోసారి జరుగుతుందని చెప్పాడు. శ్రీలత మంచం దిగి, జారిన పిన్నులు తీసి జుట్టు మళ్ళీ ముడేసుకుంది.

సురేందర్‌కు ఎవరూ ఫోన్ చేయకముందే అతను వచ్చాడు. రేపటి నుంచి నిలబెట్టి నడిపిస్తామని డాక్టరు చెప్పాడని, మెడికల్ షాపులో కొత్త వాకరు కొని భుజాన వేసుకుని వచ్చాడు. పరదా దగ్గర నిలబడిన వాళ్ళ ముఖాలు చూసి దాన్ని గోడకు ఆనించాడు. “ఏమైంది సిస్టర్?” అన్నాడు. శ్రీలత చెప్పింది. అతను లోపలికి వెళ్ళి తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, “నొప్పి తెల్వలేదు గదా?” అని అడిగాడు.

“లేదు సార్. మాట్లాడుకుంటనే ఉన్నం.”

“ఏం మాట్లాడింది?”

“నాకు ఇంగ్లీషు చెప్తుండె.”

సురేందర్ తలెత్తి అర్థంకానట్టు చూశాడు. “మా అమ్మకు ఇంగ్లీషొస్తదా?” అన్నాడు.

శ్రీలత నర్మద మీది దుప్పటి అంచు సరిచేసింది. “మస్తు మంచిగ” అంది.

డ్యూటీలో ఉన్న వేరే నర్సు దగ్గరికి వచ్చింది. నువ్వు పో, బస్సు పోతది అని తొందరపెట్టింది. శ్రీలత వినలేదు. గోరువెచ్చని నీళ్ళు తెచ్చి నర్మద ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది, దవడ కింద గుడ్డ కట్టింది. నర్మదను తీసుకెళ్ళే బండి కదిలాకే సంచి భుజాన వేసుకుని బస్టాండుకు పరుగెత్తింది. ఆమె ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి దాంట్లో సీటు దొరకలేదు. జగిత్యాల దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్ళింది. పరీక్ష మానుకోవాలన్న ఆలోచన దారిలో ఒక్కసారి వచ్చింది. వచ్చినంత తొందరగా దాన్ని తోసేసింది.

మర్నాడు చీటీ మీద మీ ఊళ్ళో ఒక పాత భవనం గురించి చెప్పమని వచ్చింది. మై మదర్ యూజ్డ్ టు స్వీప్ ఇట్ అని మొదలుపెట్టి, పల్లీల పొట్టు నుంచి వాలుకు కదిలిపోయే మందుల బండి దాకా చెప్పింది. ఈసారి ఎగ్జామినరు ఒకావిడ, పెన్ను పక్కనపెట్టి విన్నది. “మీ అమ్మ ఇప్పుడు అక్కడికి వెళ్తుంటారా?” అని అడిగింది.

“వస్తుంది, షుగరు మాత్రల కోసం. వచ్చినప్పుడల్లా మంచాల కింద దుమ్ముందా అని వంగి చూస్తుంది” అంది శ్రీలత ఇంగ్లీషులో. ఎగ్జామినరు నవ్వింది. తాను జవాబు వెతుక్కోలేదన్న సంగతి శ్రీలతకు బయటికి వచ్చాక గానీ తట్టలేదు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. మాట్లాడటంలో కావలసిన మార్కు వచ్చింది. నరేందర్‌కు ఫోన్ చేస్తే “ఆ? ఏందీ?” అన్నాడు. “పాసైన” అని ఆమె వార్డంతా వినపడేట్టు అరిచింది. నర్సయ్య మంచంలో ఇప్పుడు వేరే ముసలాయన ఉన్నాడు, ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

డాక్టరుకు రాజీనామా ఇచ్చి, ఫోన్లో సురేందర్‌ను వాకరు తీసుకుపొమ్మని అడిగింది. “ఎవలకన్న పనికొస్తె ఇయ్యుండ్రి సిస్టర్” అన్నాడతను. అట్లాగేనంది. ఆమె ఆసుపత్రి విడిచి వెళ్ళిన రోజున కూడా అది ఆ మూలనే, పరదా తీసేసిన మంచం పక్కన గోడకు ఆని నిలబడి ఉంది. పిడుల మీది ప్లాస్టిక్ కవరు ఎవరూ చింపలేదు.