సర్వర్ గదిలో టేబుల్ ఫ్యాను

అంతయ్య పొడిగుడ్డతో సర్వర్ డబ్బా మీది దుమ్ము తుడిచాడు. దసరాకు పెట్టిన కుంకుమబొట్టు చెరగకుండా దాని చుట్టూ మాత్రమే తుడిచి, టేబుల్ ఫ్యానును డబ్బా వైపు తిప్పాడు. అది ఇంటినుంచి తెచ్చిన ఫ్యాను. అల్మాస్‌గూడ ఇంట్లో ఉక్కపోతకు విసనకర్రతో విసురుకుంటూ భార్య లచ్చమ్మ ఆ డబ్బాను సవతి అనేది.

దిల్‌సుఖ్‌నగర్‌లోని అంతయ్య పనిచేసే కోచింగ్ సెంటర్ పిల్లల హాజరు, మార్కులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను తొమ్మిదేళ్ల కింద తనే తెచ్చి, తనే నేర్చుకుని నిలబెట్టాడు. ఇప్పుడేమో నెలనెలా కడితే ఏదో కంపెనీ తన కంప్యూటర్లలోనే అన్నీ పెట్టి చూసుకుంటుందట. మొన్న విజయవాడ నుంచి సెంటర్‌కు కొత్త మేనేజరుగా వచ్చిన విజయదుర్గ చెప్పింది. ఆ ఉదయం ఇద్దర్నీ తన గదికి పిలిచిన డైరెక్టర్ సాంబమూర్తి ఆమెకు మాత్రం కుర్చీ వేయించి టీ తెప్పించాడు. తొమ్మిదేళ్లలో అంతయ్యను ఒక్కనాడు కూర్చోమన్న పాపాన పోలేదు!

"మన పిల్లల మార్కులు మన దగ్గర్నే ఉండాలె సార్. రేపు ఆ కంపెనీ మూతబడితే ఎవర్ని అడుగుతం?" అన్నాడు నిలబడే.

సాంబమూర్తి తలూపాడు. గెలిచాననుకున్నాడు అంతయ్య.

"నిజమేనండీ. మరి మీరు ఊరెళ్తే దీన్నెవరు చూస్తారు?" అని అడిగింది విజయదుర్గ.

తను ఎక్కడికీ పోనని గర్వంగా చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. అమ్మ పోయిననాడు ఊళ్లో పాడె లేస్తుంటే కూడా, పక్కకు పోయి, డబ్బా ఆగిపోతే ఏ మీట నొక్కాలో ఇక్కడివాళ్లకు ఫోన్లో చెప్పానని అదీ గొప్పగానే చెప్పుకున్నాడు.

సాంబమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అందుకేనయ్యా మార్చేది," అన్నాడు.

మధ్యాహ్నం మార్కులన్నీ కొత్తదానికి పంపే పని అంతయ్యకే పడింది. ఒక్క బ్యాచ్ వదిలేస్తే మాట విజయదుర్గ మీదికి పోతుందని చెయ్యి ఆగింది. పిల్లలేం చేశారని తనను తాను తిట్టుకుని అన్నీ పంపాడు. నాలుగింటికి కొత్త తెర టక్కున తెరుచుకుంది. తన డబ్బా ఏనాడూ అంత తొందరగా తెరుచుకోలేదు. ఆ కుళ్లుకు నోరు చేదెక్కింది. కొత్తది కనీసం ఒక్కసారి మొరాయించినా బాగుండుననిపించింది.

డబ్బా ఆపేశాడు. రేపు సెలవు తీసుకొమ్మన్నారని లచ్చమ్మకు ఫోన్ చేశాడు.

"అయితే ఆ ఫ్యానన్న ఇంటికి తే," అంది లచ్చమ్మ.

తెస్తానన్నాడు. బ్యాగు తగిలించుకుని, ఉత్త చేతులతో మెట్లు దిగి బస్సెక్కాడు.

తాళం వేసిన గదిలో టేబుల్ ఫ్యాను, ఆగిపోయిన డబ్బాకు గాలి విసురుతూనే ఉంది.