ఊడ్వని ఇసుక

పుస్తకాలు రాసేటోళ్లంటె నాకు ఒకప్పుడు మస్తు గౌరవముండె. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏడేండ్ల సంది ఆదివారమొస్తె పాత పుస్తకాలు అమ్ముతున్న కదా, ఎవరన్న రచయిత కనపడితె లేసి నిలబడేటోన్ని. ఇప్పుడు ఎవడన్న వచ్చి నేను రచయితనంటె, జర పక్కకు జరుగున్రి, గిరాకీకి అడ్డమొస్తున్నరు అంటున్న. రవికిరణ్ సార్ చేసిన పుణ్యం గది.

నా పేరు బీరయ్య. తక్కిన ఆరు దినాలు నాంపల్లి స్టేషన్ ఎదురుంగ ఒక లాడ్జిల వాచ్‌మన్‌ను. అంతకుముందు సౌదీల ఒంటెలు కాసిన. మాది గొర్లు కాసే ఇల్లు. గొర్ల పనే అని చెప్పి ఏజెంటు తోలిండు, తీరా పోయి చూస్తె ఒంటెలు. నాతోని మా మండలమోడే ఇంకొకడుండె, అంజయ్య. చుట్టూ ఇసుక, నడుమ ఒక టెంటు, ఇద్దరమే.

గాడ ఒక పాము ఉంటది. మూరన్నర కంటె ఎక్కువ ఉండదు, ఇసుక రంగే దాని రంగు. కండ్ల మీద రెండు కొమ్ములు. పగటీలి ఇసుకల మునిగి పంటది, కండ్లూ కొమ్ములే పైకి కనపడ్తయి, గవి సుత తెల్సినోనికే. మన పాముల తీరు ముందుకు పాకదు. పక్కకు పక్కకు జరుగుతది, ఇసుక మీద నిచ్చెన మెట్ల లెక్క గీతలు పడ్తయి. అరబ్బోళ్లు ఉమ్ జునైబ్ అంటరు. మేం కొమ్ములామె అనేటోళ్లం. ఆమె అని మర్యాదిస్తె మన జోలికి రాదని అంజయ్య నమ్మకం.

అంజయ్య ఉపాయం ఒకటుండె. ఖర్జూరపాకులతోని చీపురు కట్టిండు. పొద్దుగూకేముందు టెంటు చుట్టూ ఇసుక సాఫుగ ఊడ్వాలె. వెనక్కి నడుసుకుంట ఊడ్వాలె, మన అడుగులు సుత మిగలొద్దు. తెల్లారి లేవంగనే ముందుగాల ఆ ఇసుక చూడాలె. మెట్ల గీతలు లోపలికొచ్చినయంటె ఆమె ఎక్కడ్నో పండుకున్నట్టు, కట్టెతోని గెలుకాలె. గీత లేదంటె ఫికర్ లేదు. ఊడ్వకుంటె ఆమె గీతలు మన అడుగులల్ల కలిసిపోతయి, కనపడయి. ఒకనాడు ఆని వంతు, ఒకనాడు నా వంతు.

ఆ పాము కాటుకే అంజయ్య పోయిండు. తెల్లారంగ టెంటు బయట అడుగు పెట్టిండు, మడిమ మీద కొట్టింది. దవాఖాన మస్తు దూరం. పికప్‌ల ఏస్కొని పోయినం గని రెండో దినానికి పానం పోయింది. గాడనే బొంద పెట్టిన్రు. తొమ్మిదేండ్లయింది.

ఆని పెండ్లాం ప్రభావతి కాచిగూడల ఒక టిఫిన్ సెంటర్ల పని చేస్తది. నేను వాపసొచ్చినంక మొదలు ఆమె కాడికే పోయిన. ఎట్ల పోయిండన్నా అని అడిగింది. చూసుకోకుంట ఉత్త కాళ్లతోని బయటికి పోయిండు చెల్లే అని చెప్పిన. అప్పటి సంది నన్ను సొంత అన్న తీరు చూసుకుంటది. రాఖీ కడ్తది. ఆదివారం మద్దాన్నం డబ్బాల ఏదో ఒకటి పెట్టుకొని నా పుస్తకాల కాడికొచ్చి కూసుంటది. ఈ పట్నంల నాకున్నది ఆమె ఒక్కతే.

రవికిరణ్ సార్ కాలేజీల చెప్తడు. పాముల పుస్తకాలు ఏమన్న ఉంటె చెప్పమని నా కాడికొచ్చేటోడు. ఒకపారి నోరు ఊకోక కొమ్ములామె గురించి చెప్పిన. ఇగ చూడు, సార్ నన్ను ఇడిసిపెడ్తె ఒట్టు. నాంపల్లిల హోటల్ల కూసోవెట్టి చాయ్ తాపుడు, ఫోన్ల రికార్డు చేసుడు. ఎడారి మీద పుస్తకం రాస్తున్న అన్నడు. నేను రెండే అడిగిన. ఒకటి, అంజయ్య పేరు అందులుండాలె. బొంద కాడికి పోయే నసీబు లేదు ప్రభావతికి, కనీసం అచ్చుల పేరన్న చూసుకుంటది. మొదటి పేజీలనే పెడ్త బీరయ్యా అన్నడు.

రెండోది వేరే. గది చెప్పకుంట ఉండాల్సింది. అంత పక్కా ఊడ్చేటోళ్లకు పాము ఎట్ల దొర్కిందని సార్ గుచ్చి గుచ్చి అడిగిండు. తొమ్మిదేండ్ల సంది పొట్టల దాసుకున్నది ఆనాడు కక్కేసిన. కక్కినంక సార్ చేతులు పట్టుకొని, ఇది మాత్రం రాయకున్రి అన్న. సార్ కండ్లల్ల నీళ్లు సుత తిరిగినయి. నీ మాట నాతోనే ఉంటది అన్నడు. నేను నమ్మిన.

ప్రభావతికి మాత్రం ప్రతి ఆదివారం చెప్పుడే. పుస్తకం వస్తున్నది చెల్లే, మొదటి పేజీల ఆని పేరు అని. ఆమె ఇరుగుపొరుగుకు సుత చెప్పుకున్నది.

మా దందాల ఒకటున్నది. కొత్త పుస్తకం రాసినోళ్లు పెద్దమనుషులకు సంతకం పెట్టి ఇస్తరు. పెద్దమనుషులు చదవరు. నెల తిరగకముందే గది పాత కాయితాల రద్దీల పడి, కిలోల లెక్కన మా కాడికొస్తది. మొన్న మార్చిల ఒక ఆదివారం మద్దాన్నం గసొంటి బస్తా ఇప్పిన. మీదనే ఉన్నది. అట్ట మీద ఇసుక, ఇసుకల రెండు కొమ్ములు. కింద రవికిరణ్ సార్ పేరు. లోపల ఎవరో పెద్దసారుకు ప్రేమతో అని సంతకం. తారీఖు చూస్తె రెండు నెలల కిందటిది. నాకొక మాట చెప్పలే, ఒక కాపీ ఇయ్యలే.

గప్పుడన్న నాకు అనుమానం రావాలె. రాలే. కొమ్ములామెను చూసిన సంబురంల అంతా మర్సిపోయిన. అదే టైముకు ప్రభావతి డబ్బా పట్టుకొని వచ్చింది. మొదలు నేను చదివి ఇయ్యొచ్చు కదా, ఇయ్యలే. వచ్చింది చెల్లే, నువ్వే తెరువు అని ఆమె చేతుల పెట్టిన.

మొదటి పేజీల అంజయ్య లేడు. రెండో పేజీల లేడు. లోపల ఉంటది చూడు అన్న. ఆమె ఏడో తరగతి దాంక చదివింది, వేలు పెట్టుకొని మెల్లగ చదువుతది. పాము బొమ్మ, అది ఉండే జాగ, దాని గీతలు, అన్నీ నేను చెప్పిన మాటలే. ఇసుక ఊడ్చే ఉపాయం సుత ఉన్నది. గది ఎడారిల తనకే తోచిందని రాసుకున్నడు. సౌదీ మొకం ఎన్నడు చూడలే ఆ మనిషి. ఆని నోట్ల మన్ను పొయ్య, గది అంజయ్యది అని నేను మొత్తుకుంటున్న. ప్రభావతి చదువుకుంట పోయింది.

"ఆ సాయంత్రం ఊడ్చే వంతు బీరయ్యది. ఫోన్లో మాట్లాడుతూ మర్చిపోయాడు. ఊడ్చావా అని అడిగితే ఊడ్చాననే చెప్పాడు. ఆ మాట నమ్మి, తెల్లవారుజాము మసకలో చూసి గీతలు లేవనుకుని, ఒక కూలీ అడుగు బయట పెట్టాడు."

ఆమె వేలు ఆ ఒక కూలీ మీదనే ఆగింది. సర్కస్ చూసినట్టు గిరాకీ చుట్టూ నిలబడ్డది. ఇద్దర్ని కసిరి పంపిన.

"వంతు నీదేనా?" అన్నది.

"ఔ."

"ఊడ్చిన అని చెప్పినవా?"

"చెప్పిన."

ఆమె ఆ లైన్లే మల్ల మొదటి సంది చదివింది. నేనే ఆగలేక రవికిరణ్ సార్‌ను తిట్టుడు షురూ చేసిన. నమ్మిచ్చి గొంతు కోసిండు చెల్లే, రాయనని మాటిచ్చిండు, నా చాయ్ తాగి నన్నే బజార్ల నిలబెట్టిండు అని. చాయ్ తాపింది సారే గని, కోపంల ఏం మాట్లాడుతున్ననో నాకే తెల్వదు.

"ఆయన చూసుకొనే అడుగు పెట్టిండన్నట్టు," అన్నది ప్రభావతి. "తొమ్మిదేండ్ల సంది తిట్టుకుంటున్న ఆయనను. పెత్రమాస నాడు ఆయన పేరు మీద బియ్యమిచ్చుకుంట సుత తిట్టిన. జర చూసుకొని నడిస్తె ఏం పోయెరా నీకు, నన్ను గిట్ల చేసి పోయినవు అని."

నేను గిరాకీ గెలికిన పుస్తకాలు సదురుకుంట కూసున్న.

ఆమె పెన్ను అడిగింది. ఇచ్చిన. తీసుకోలే. ఒక కూలీ అన్న కాడ కొట్టేసి నీ చేత్తోనే ఆయన పేరు రాయి అన్నది. అంజయ్య అని రాసిన. పెన్ను అట్లనే పైకి పోయింది, నా పేరు కాడికి. గది సుత కొట్టేద్దామని. ఆమె ఆ లైను మీద అరచెయ్యి పెట్టింది.

"గది అట్లనే ఉండని. గది నిజమే కదా, బీరయ్యా."

ఇన్నేండ్లల్ల ఆమె నన్ను పేరు పెట్టి పిల్చుడు గదే మొదటిసారి. పుస్తకం సంచిల పెట్టుకున్నది, డబ్బా సుత తీసుకున్నది, రోడ్డు దాటి కాచిగూడ బస్సు కాడికి పోయింది. వెనక్కి చూడలే.

సార్ మల్ల అబిడ్స్‌కు రాలే. నేను సుత వెతకలే. తిడ్దామని నోరు తెరిస్తె ఊడ్చిన అన్న మాటే యాదికొస్తున్నది. రాఖీ పున్నం నాడు లాడ్జికి సెలవు పెట్టి, స్నానం చేసి, రూంలనే కూసున్న. పొద్దుగూకేదాంక తలుపు తెరిచే ఉంచిన.