ముక్కు అంచున తాకించిన పుల్ల

చేపలు కోసే లైను మళ్లీ ఆగింది. ఫ్యాక్టరీ గేటు పక్కన వేసిన గుడారం ముందు రబ్బరు బూట్ల ఆడవాళ్లు బారులు తీరి నిలబడ్డారు. సముద్రపు గాలికి గుడారం గుడ్డ టపటప కొట్టుకుంటోంది.

దగ్గు జబ్బు ఎవరికి అంటిందో చూడటానికి ఒక్కొక్కరి నుంచి రెండు నమూనాలు. నర్సు గున్వోర్ సన్నటి పుల్లను ముక్కులోంచి గొంతు వెనక దాకా పంపి ఒకటి తీస్తుంది. రెండోది ఎవరికి వారే ముక్కు అంచున తిప్పుకుని ఇవ్వాలి. నొప్పిలేని పద్ధతి కూడా జబ్బును అంతే బాగా పట్టిస్తుందా అని ఈ పోలిక.

వాళ్లలో రాసా అనే ఆమె రెండూ ఇచ్చి కూర్చుంది. కాసేపటికి, నర్సు తీసినది జబ్బు ఉందంది. రాసా తనంతట తీసుకున్నది లేదంది.

"లేదన్నదే లెక్క," అన్నాడు సూపర్‌వైజర్ ఫ్లెమింగ్. "పద రాసా. లోపల చేప మెత్తబడిపోతోంది."

గున్వోర్ నిట్టూర్చింది. "పొద్దుట్నుంచీ ఇదే వరస. సొంతంగా తీసుకునేది పనికిరాదని చెప్పాల్సిందే ఇంక. పిల్లలకీ ముసలాళ్లకీ ఇదైతే హాయిగా ఉంటుందనుకున్నాం."

రాసాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచింది, మళ్లీ కూర్చుంది. బల్లకు అవతల తనకెదురుగా నిలబడి చేపలు కోసే ఆల్డోనా, వరుసలో గుడారపు గుంజను పట్టుకుని వణుకుతోంది. పుల్లతో చేసే కిటుకు ఆమెకు నేర్పింది రాసాయే.

"పుల్లది తప్పు కాదు నర్సమ్మా," అంది చివరికి. "నేను తిప్పలేదు. ఊరికే తాకించానంతే. అందరం అంతే చేస్తున్నాం. జబ్బని తేలితే ఇంటికి తోలేస్తారు, కూలి ఎగ్గొడతారు. ఇంకెవరు తిప్పుకుంటారు చెప్పు?"

ఫ్లెమింగ్ ముఖం కందిపోయింది. "రేపట్నుంచి రావద్దంటే ఏం చేస్తావ్?"

"ఏమో సార్. ఇవాళ మాత్రం లోపలికి రాను. నా ఎదురుగా నిలబడేది ఆల్డోనా."

"జబ్బు రోజులకి కూలి ఇస్తామనమను," వెనకనుంచి ఎవరో అన్నారు. "అప్పుడు మెదడుకి తగిలేదాకా తిప్పుకుంటాం."

కొందరు నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

ఆల్డోనా తనకిచ్చిన పుల్ల పొట్లాన్ని విప్పకుండానే గున్వోర్ ముందు పెట్టేసింది. ఆ వెనకామె కూడా పెట్టింది. గున్వోర్ వాటిని తిరిగి ఎవరి చేతికీ ఇవ్వలేదు.

లోపల లైను గంట మోగింది. ఎవరూ కదల్లేదు.