చెరువు లైను

తుఫాను నాగాయలంక దాటిపోయిన మర్నాడు పెద్ద టవర్ల లైను చెక్కుచెదరకుండా నిలబడే ఉంది. దాని నుంచి ఊళ్లలోకి కరెంటు తెచ్చే స్తంభాలే ఎక్కడికక్కడ ఒరిగిపోయాయి. కరెంటు కంపెనీ పెద్దలు ఏసీ గదుల్లో కూర్చుని, సాయంత్రానికల్లా అంతా సరిచేస్తామని టీవీలో సెలవిచ్చారు. సరిచేయాల్సిన లైన్‌మన్ బాబూరావు మాత్రం నిన్నటి నుంచి ఇంటి ముఖం చూడలేదు.

ఇంటి దగ్గర అతని భార్య ఎలీసబెతుకి రొయ్యల చెరువే లోకం. గాలి విసిరినంతసేపూ నీళ్లు వాటంతటవే కదిలాయి. గాలి ఆగిపోయాక వచ్చింది ముప్పు. ఏరియేటర్ చక్రాలు తిరిగి నీళ్లు చిలికితేనే రొయ్యకు ఊపిరి. తెల్లవారేసరికి గట్టు వెంబడి రొయ్యలు పైకి తేలి తిరుగుతున్నాయి. పట్టి అమ్మడానికి సిద్ధమైన సరుకు. ఆమె మొగుడికి ఫోన్ చేసింది.

“రొయ్యలు తేలిపోతున్నాయండీ! ముందు మన లైను చూడండి, మీకు దణ్ణం పెడతాను!”

“ఏడవమాక. హంసలదీవి వైపు బయల్దేరాం. అక్కడ పనైపోగానే...”

మాట సగంలోనే ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్.

షెడ్డులో జనరేటర్ ఉంది. దాన్ని నడిపేది ఎప్పుడూ బాబూరావే. ముందు గోడ మీది స్విచ్చి పిడిని కిందికి లాగి, తర్వాతే ఇంజను తిప్పేవాడు. పిడి లాగితే జనరేటర్ కరెంటు చెరువు దగ్గరే ఉంటుంది. లాగకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురెక్కి, ఎన్నో రెట్లు బలిసి, బయట స్తంభాల మీదికి పోతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పాలని అతనికి తోచలేదు, తను ఉండగా ఆమెకెందుకనుకున్నాడు. ఎలీసబెతు ఇంజను తిప్పడం మాత్రమే చూసి నేర్చుకుంది. అదే చేసింది. పిడి జోలికి పోలేదు.

చక్రాలు కదిలాయి. ఇంజను బరువెత్తుతున్నట్టు మూలిగింది గానీ ఆగలేదు. కాసేపటికి రొయ్యలు ఒక్కొక్కటే అడుక్కి దిగిపోయాయి. “స్తోత్రం ప్రభువా” అంటూ ఆమె గట్టు మీదే చతికిలబడింది. ఆయనొచ్చాక చెప్పాలి, మీరు లేకుండానే నడిపానని, అనుకుని ఒక్కతే నవ్వుకుంది కూడా.

ఇంజను రొదలో, చెరువు పక్క మురుగు డ్రెయిను అవతలి కేకలు ఆమెకు వినపడలేదు. పక్కింటి రూతు బురదలో పడుతూ లేస్తూ వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది.

“రావే ఎలీసబెతూ! మీ ఆయన... స్తంభం మీంచి...”

బాబూరావు గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. అరచేతులు నల్లగా కమిలిపోయాయి. ఆమె అతని తల ఒళ్లోకి తీసుకుని పిలిచింది. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచింది.

చుట్టూ చేరిన జనం సబ్‌స్టేషన్ నుంచి బండి మీద వచ్చిన ఆపరేటర్ హేమంత్ చొక్కా పట్టుకున్నారు. మనిషి పైనుండగా కరెంటు ఎలా వదిలావురా అని కొట్టబోయారు. “నేనివ్వలేదండీ! నా దగ్గరింకా ఆఫ్‌లోనే ఉందండీ!” అని అతను అందరికీ చేతులు జోడిస్తున్నాడు. ఎవరు వింటారు?

బాబూరావుతో పనిచేసే మధుసూదనరావు తల బాదుకుంటున్నాడు.

“హంసలదీవి వెళ్లేవాళ్లమే చెల్లెమ్మా! ‘మా ఆవిడ ఏడుస్తోంది, ముందు దాని లైను కట్టేసి పోదాం’ అని సగం దారిలో వెనక్కి తిప్పాడు. ఎందుకైనా మంచిది, కరెంటొచ్చినా నేలలోకి పోయేట్టు తీగలకి ఎర్తు గొలుసు తగిలిద్దాం బావా అన్నాను. ‘ఈ లైను ముక్క మీదున్న జనరేటర్ మాదొక్కటే, నేను లేందే మా ఆవిడ దాన్ని ముట్టుకోదు’ అన్నాడు.”

ఎలీసబెతు పిలవడం ఆపేసింది. తలెత్తింది.

“ఆ బాబుని వదిలెయ్యండి. కరెంటిచ్చింది నేను.”

“మతి చలించింది పాపం, పక్కకి తీసుకెళ్లండి” అన్నారెవరో. రూతు ఆమె భుజాలు పట్టుకుంది. ఆమె విదిలించుకుని డ్రెయిను అవతలికి చెయ్యి చూపించింది.

“రొయ్యలు బతికాయి అన్నయ్యా” అంది. “అన్నీ బతికాయి.”

మధుసూదనరావు అటు తిరిగి, ఇంకా ఆగని ఇంజను రొదకి చెవి ఒగ్గాడు. హేమంత్ చొక్కా పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదులయ్యాయి.