కొండ కనపడిన రోజు

గురునాథరావు గారు కబురు పంపిన రోజు మా ఆయన పోలిరాజు గడ్డం గీసుకున్నాడు. పండగ కాని రోజున గీసుకోవడం మూడేళ్లలో అదే మొదలు. ఆ మూడేళ్లూ ఆయన పరవాడలో మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించాడు. అంతకు ముందు సముద్రం మీద ఉండేవాడు. ఆ ముందు సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తం.

గురునాథరావు గారు నేవీలో రిటైరై, ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక షెడ్డు పెట్టుకుని తెరచాప పడవలు నేర్పుతారు. ఎవరైనా పడవ కొనుక్కుంటే దాన్ని గాలి మీదే పోర్ట్‌బ్లెయిర్ దాకా తీసుకెళ్లి అప్పజెప్తారు. దానికి మనిషి కావాలన్నారు. పాపని చంకనెత్తుకుని నేనూ వెళ్లాను. ఆయన ఒక్కడే వెళ్తే ఏదో ఒకటి ఒప్పుకుని వచ్చేస్తాడని నా భయం.

"ఇంజిను బోట్లో ఎన్నేళ్లు?" అని అడిగారు గురునాథరావు గారు.

"ఎనిమిదేళ్లండి. ఎల్తే ఇరవై రోజులు సముద్రం లోపలే."

"అది లెక్కలోకి రాదు. అక్కడ పని చేసింది ఇంజిను."

"సిన్నప్పుడు మా అయ్యతో తెప్ప మీద తెరసాప కట్టుకుని ఎల్లేవోణ్ణండి."

"కొండ కనిపించేదా?"

మా ఆయన నవ్వాడు. "కొండ గురుతు సూసుకునే కదండీ వల ఏత్తాం. కొండ కనపడకపోతే ఇల్లెక్కడో ఎలా తెలుత్తాది?"

"అదీ లెక్కలోకి రాదు. నేల కంటికి ఆననంత లోపల, గాలి మీదే, ఎక్కడా ఆగకుండా మూడు పగళ్లు, మూడు రాత్రులు గడపాలి. మా దగ్గర నడిసముద్రం అంటే అది. మిగతాదంతా ఒడ్డున ఆడుకోవడమే."

"అయితే నాను సముద్రమే సూళ్లేదన్నమాట. మా అమ్మకి సెప్తే సీపురు తిరగేత్తాది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత మా ఆయన షెడ్డు బయట కట్టి ఉన్న తెల్ల పడవ వైపు చూశాడు.

"ఓపాలి సేసేనండి," అన్నాడు.

ఆ ఒక్కసారి ఏదో నాకు తెలుసు. మూడేళ్ల కిందట, చాలా లోపల ఉండగా బోటు ఇంజిను కాలిపోయింది. టార్పాలిన్ తెరచాపగా కట్టుకుని ఒడ్డు చేరారు. మా మరిది వరహాలు పొగ మింగి, దారిలోనే పోయాడు. వాడికి పందొమ్మిదేళ్లు. వాణ్ణి సముద్రానికే ఇచ్చేశారు.

టార్పాలిన్ కట్టుకొచ్చిన సంగతి మా ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. "తెరచాప ఎప్పుడు కట్టారు, కొండ ఎప్పుడు కనిపించింది, అంతా ఈ కాగితం గడుల్లో రాసి రేపు తీసుకురా," అన్నారు గురునాథరావు గారు.

ఇంటికి నడుస్తుంటే మా ఆయన తనంతట తానే చెప్పాడు. "సోమవారం మద్దేనం టార్పాలిన్ కట్టేం. బుదవారం తెల్లారుతుంటే తమ్ముడు పోనాడు. కొండ కనపడింది గురువారం సందేళ."

"మరి అత్తకి అలా సెప్పలేదు కదా మావా?"

"అమ్మకి సెప్పింది వేరు."

మా అత్త ముసలమ్మకి చెప్పింది ఇది. బుధవారం తెల్లవారుతుండగా సింహాచలం కొండ కనిపించింది, వరహాలు చూశాడు, చేతులెత్తి అప్పన్నకి దండం పెట్టాడు, అప్పుడు పోయాడు. ఆ పైన గాలి పడిపోయి ఒడ్డు చేరడం ఆలస్యమైంది. కొండ చూసి పోయినవాడు ఇంటికొచ్చినట్టేనని మా అత్త అంటుంది. పేటలో ఎవరు పలకరించినా అదే చెప్తుంది.

ఆయనకి రాయడం రాదు. నేను ఎనిమిదిలో మానేశాను. కాగితం నా ముందే పడింది.

మా అత్త గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ల చేపలు ఏరుతోంది. "ఏటే, మొగుడూ పెళ్లాలు కాయితం ముందేసుకున్నారు? ఇల్లు రాసిచ్చేత్తన్నారా?"

"సముద్రం పనత్తా. ఆయన సేసింది రాయమన్నారు."

"ఆడు సేసింది రాయడానికి నీ ఎనిమిది సాలుతాదా?"

సోమవారం మధ్యాహ్నం అని రాశాను. తర్వాతి గడి దగ్గర నా చెయ్యి ఆగింది. "కొండ ఎప్పుడు కనపడిందని రాయను?" అని మెల్లిగా అడిగాను. మెల్లిగా అడిగాననే అనుకున్నాను.

మా అత్త చేతులు నెత్తళ్లలోనే ఆగిపోయాయి. "తెలీదేటే నీకు? బుదవారం పొద్దున్న. మా వరహాలు దండం పెట్టినాడు. అదీ రాయి."

గురువారం అని రాస్తే ఆయన వెళ్తాడు. బుధవారం అని రాస్తే రెండు పగళ్లు, రెండు రాత్రులే అవుతాయి, వెళ్లడు. ఆయన మళ్లీ సముద్రం మీదికి వెళ్లకూడదని మూడేళ్లుగా నేను మొక్కుతున్నాను. పాప నా ఒడిలో కూర్చుని పెన్ను లాగుతోంది. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయిన నెల కాగితం, ఎవరూ చింపలేదు.

"అమ్మ సెప్పింది కదా. రాసీ," అన్నాడు.

రాశాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. అన్నం వార్చడానికి లేచాను.

మర్నాడు గురునాథరావు గారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. వేళ్లు మడిచారు.

"ఒక్క రోజు తక్కువయ్యా. ఆ కాస్తకి నిన్ను వదులుకోవాలని లేదు. బాగా గుర్తు తెచ్చుకో. రోజు పొరబడ్డావేమో?"

మా ఆయన బయటి పడవ వైపు చూశాడు. గురునాథరావు గారు నా వైపు తిరిగారు. "నువ్వేనా అమ్మా రాసింది? రాయడంలో ఏమన్నా పొరపాటు జరిగిందా?"

పాప చెప్పు ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని సరిచేశాను. మా ఆయన నా వైపు చూస్తున్నాడని తెలుసు. నేను తలెత్తలేదు.

"లేదండి. అలాగే జరిగిందండి," అన్నాను.

కాగితం తిరిగి ఇచ్చేశారు. బయటికి వస్తూ మా ఆయన ఆ తెల్ల పడవ అంచు మీద చెయ్యి పెట్టాడు. బస్సులో ఎవరిదో సీటు మీద చెయ్యి పెట్టినట్టు పెట్టి తీసేశాడు. ఇంటి దాకా పాపని ఆయనే మోశాడు.

ఏమైందని మా అత్త అడగలేదు. "ఆ కాయితం నాకియ్యే," అంది. ఇచ్చాను. అప్పన్న పటం వెనక దోపింది.

ఇప్పుడు ఆయన పొద్దున్నే పరవాడ బస్సెక్కుతాడు. క్యారేజీ కట్టి పంపిస్తాను. మళ్లీ సముద్రం వైపు వెళ్లిపోయాడేమోనని, సాయంత్రం ఆయన బస్సు దిగేదాకా నాకు వచ్చే భయం ఇప్పుడు రావడం లేదు. దాని బదులు ఇంకేదీ రావడం లేదు.

బస్సు వెళ్లాక మా అత్త దీపం పెట్టి, పటం వెనక నుంచి కాగితం తీసి నా చేతిలో పెడుతుంది.

"సదవ్వే ఓపాలి."

చదువుతాను. "బుధవారం, తెల్లవారుజామున, కొండ కనిపించింది."

"ఊఁ," అంటుంది. మడిచి మళ్లీ అక్కడే పెడుతుంది.